రీఫ్ ట్యాంక్ నీళ్లకు ఏ టెస్టు మేలు: సిరంజి కిట్టా, చెకరా, ఆక్వా ల్యాబా?

బెజవాడలో ఇంట్లో రీఫ్ ట్యాంక్ (ఉప్పునీళ్లలో పగడాలు పెంచే గాజుతొట్టి) పెట్టుకున్నవాళ్లు తక్కువే గానీ, పెట్టుకున్నవాళ్లంతా మొదట్లోనే అడిగే ప్రశ్న ఒకటుంది: "హన్నా చెకర్ (అంకె తెర మీద చూపే చిన్న మీటరు) కొనేద్దామా, సాలిఫర్ట్ కిట్టుతో (సిరంజితో మందు కలిపి రంగు చూసేది) సరిపెట్టుకుందామా?" పరికరాల గొప్ప సంగతి తర్వాత చూద్దాం. ముందు మన నీళ్లలో ఏ అంకె ఎంత త్వరగా మారుతుందో తెలిస్తే, దేనికి డబ్బు పెట్టాలో, దేనికి అక్కర్లేదో తేలిపోతుంది. అన్ని పరీక్షలూ ఒకే కంపెనీ సెట్టులో కొనేయడం మాత్రం డబ్బు దండగ.

లెక్క ఇదీ. రాతి పగడం తన అస్థిపంజరాన్ని కాల్షియం, కార్బొనేట్ కలిపి కట్టుకుంటుంది. నీళ్లలో ఆల్కలినిటీ (ముఖ్యంగా కార్బొనేట్, బైకార్బొనేట్ నిల్వ; దాని కొలమానం డీకేహెచ్) 1 డీకేహెచ్ తగ్గిందంటే దానితోపాటు కాల్షియం సుమారు 7 పీపీఎం (పది లక్షల్లో ఏడు భాగాలు) తగ్గుతుంది. ఆల్కలినిటీ ఎనిమిదిలో ఒకటి పోతే ఎనిమిదో వంతు పోయినట్టే, ఏ కిట్టుకైనా దొరుకుతుంది. కాల్షియం 420లో ఏడు పోతే ఏ కిట్టుకూ దొరకదు. మెగ్నీషియం 1,300 దగ్గర ఉండి అంతకన్నా నిదానంగా కదులుతుంది. అందుకే పగడాలు పెరుగుతున్న ట్యాంకులో ఆల్కలినిటీ వారానికి రెండు మూడుసార్లు చూడాలి, డోసింగ్ (తగ్గినవాటిని కొలిచి మళ్లీ నీళ్లలో కలపడం) కొత్తగా మొదలుపెట్టిన రోజుల్లో రోజూ చూడాలి. కాల్షియం పదిహేను రోజులకోసారి, మెగ్నీషియం నెలకోసారి చాలు. సముద్రంలో ఆల్కలినిటీ 7 దగ్గర ఉంటుంది. ట్యాంకులో 7కీ 9కీ మధ్య ఎక్కడున్నా ఫరవాలేదు, ఉన్నచోట కదలకుండా ఉండటం ముఖ్యం. ఈ వారం 7, వచ్చే వారం 9 అయితే పగడం కొసలు తెల్లబడతాయి.

సాఫ్ట్ కోరల్స్, మష్రూమ్స్ మాత్రమే ఉంటే ఇంత హడావిడి అక్కర్లేదు, క్రమం తప్పకుండా నీళ్లు మారిస్తే చాలు. రాతి పగడాల గురించి ఇంకో మాట కూడా చెప్పాలి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో అవి ఉన్నాయి. "మన్నార్ నుంచి తెచ్చాం, అండమాన్ నుంచి తెచ్చాం" అని ఎవరైనా అమ్మబోతే అక్కడి నుంచి బయటికి నడవండి.

నీళ్లలో ముంచి రంగు చూసే స్ట్రిప్స్ సంగతి రెండు ముక్కల్లో తేల్చేద్దాం. చాలా స్ట్రిప్స్‌లో ఆల్కలినిటీ రంగులు 80, 120, 180 పీపీఎం అని మెట్లుగా ఉంటాయి. 17.9తో భాగిస్తే 120 అంటే 6.7 డీకేహెచ్, 180 అంటే 10. మనకు కావలసిన ఊరంతా ఆ రెండు మెట్ల మధ్యే ఉంది. పైగా వానాకాలంలో డబ్బా నాలుగుసార్లు తెరిస్తే తేమకు రంగులే మారిపోతాయి. మంచినీళ్ల ట్యాంకుకు అయితే వాడుకోండి.

ఇక ఆల్కలినిటీకి అసలు పోటీ చుక్కల కిట్టు, సిరంజి కిట్టు, చెకర్ మధ్య. చుక్కల కిట్టు ఏపీఐ కంపెనీది సులువు: 5 మి.లీ. నీళ్లు తీసుకుని, నీలం పోయి పసుపు వచ్చేదాకా ఎన్ని చుక్కలు పడితే అన్ని డీకేహెచ్. ఒక్కో చుక్క ఒక డీకేహెచ్ కాబట్టి 7.2నూ 7.9నూ అది ఒకేలా చూపిస్తుంది. 10 మి.లీ. తీసుకుంటే ఒక్కో చుక్క అర డీకేహెచ్ అవుతుంది. మొదటి ఏడాదికి చాలామందికి ఇది సరిపోతుంది.

సిరంజి కిట్టులో, సాలిఫర్ట్ పద్ధతిలో, 4 మి.లీ. నీళ్లలో రెండు చుక్కల ఇండికేటర్ (రంగు చూపే మందు) వేసి, 1 మి.లీ. సిరంజితో రీజెంట్ (పరీక్ష మందు) కొద్దికొద్దిగా వదులుతాం. మొదట నీలి పచ్చగా ఉన్న నీరు చివరికి నారింజ గులాబీ కలిసిన రంగుకు తిరుగుతుంది. తిప్పితే మళ్లీ వెనక్కి పోని మొదటి మార్పు దగ్గర ఆగాలి. పోయినసారి పరీక్ష అయిపోయిన నీళ్లను మూత పెట్టి పక్కన ఉంచుకుని, ఆ రంగు రాగానే ఆపేవాళ్లున్నారు. అది మంచి అలవాటు. ట్యాంకు నీలం లైటు కింద మాత్రం ఈ పని పెట్టుకోకండి, ఆ వెలుగులో గులాబీ ఎప్పుడొచ్చిందో దేవుడికే తెలియాలి. వంటగదిలో తెల్లలైటు కింద, వెనక తెల్లకాగితం పెట్టి చూడండి.

చెకర్‌లో కంటికి పని లేదు. హన్నా హెచ్‌ఐ772లో 10 మి.లీ. నీళ్లు పోసి బటన్ నొక్కి జీరో చేసి, 1 మి.లీ. రీజెంట్ కలిపి మళ్లీ నొక్కితే డీకేహెచ్ తెర మీద కనిపిస్తుంది. లోపల ఉన్నది ఒక ఎల్‌ఈడీ, ఎదురుగా ఒక ఫొటోసెల్. గాజుసీసా మీద వేలిముద్ర పడినా, గీత పడినా అది కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. తెర మీద దశాంశం కనిపించగానే మనకు నమ్మకం పుట్టుకొస్తుంది గానీ, కంపెనీ చెప్పే ఖచ్చితత్వమే ±0.3 డీకేహెచ్, దానిపైన కొలతలో ±5 శాతం. అంటే 8 దగ్గర అటూ ఇటూ 0.7. నిన్న 8.1, ఇవాళ 8.4 వచ్చిందని డోసింగ్ పంపు తగ్గించడం తొందరపాటే.

నా ఓటు సిరంజి కిట్టుకే. అది చెకర్ కన్నా గొప్పదని కాదు, దాని నిజాయితీని ఇంట్లోనే పరీక్షించుకోవచ్చని. బంగారం తూచే చిన్న పాకెట్ స్కేలు వన్ టౌన్‌లో దొరుకుతుంది. కొత్త ప్యాకెట్ వంట సోడా 2.4 గ్రాములు తూచి, డీఐ ఫిల్టర్ (కరిగిన లవణాలను తీసేసేది) దాటిన నీళ్లలో కలిపి సరిగ్గా లీటరు చేయండి. అందులో 100 మి.లీ. తీసుకుని మళ్లీ అవే నీళ్లతో లీటరు చేస్తే దాని ఆల్కలినిటీ 8 డీకేహెచ్. మీ కిట్టు దాన్ని 8 దగ్గర చూపిస్తే నిశ్చింత. 9 చూపిస్తే ఆ ఒకటి తీసేసి చదువుకోండి, లేదా కిట్టు మార్చండి. బేకింగ్ పౌడర్ వేరే సరుకు, అది పనికిరాదు. తెరిచి ఏళ్లయిన సోడా కూడా వద్దు. చెకర్‌ను లెక్కగట్టింది ఉప్పునీటికి కాబట్టి ఈ మంచినీటి సోడా ద్రావణంతో దానికి పరీక్ష పెట్టడం న్యాయం కాదు.

ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా కనిపించనివాళ్లుంటే మాత్రం చెకరే కొనండి. మీరు ఊళ్లో లేనప్పుడు ఇంట్లో వేరేవాళ్లు చూడాల్సి వచ్చినా అంతే. ఇద్దరి కళ్లకు రెండు గులాబీలు కనిపించడం కన్నా ఒక మిషన్ తప్పు మేలు, ఎందుకంటే అది రోజూ ఒకేలా తప్పు చెబుతుంది.

కాల్షియం దగ్గర ఈ తర్జనభర్జన లేదు, చెకర్ వద్దు. హెచ్‌ఐ758కి ట్యాంకు నీళ్లు 0.1 మి.లీ. మాత్రమే తీసుకుని స్వచ్ఛమైన నీళ్లలో కలపాలి. ఆ పిపెట్ కొసన పదోవంతు ఎక్కువైతే 420 కాస్తా 460 అవుతుంది. గోరంత తప్పు కొండంత అవ్వడమంటే ఇదే. కలిపే నీళ్లలో కాల్షియం అసలు ఉండకూడదు. ఇక్కడే మన వంటింటి ఆర్వో కొంప ముంచుతుంది. రుచి కోసం శుద్ధి కాని నీళ్లు కొంచెం కలిపే వాల్వు, మినరల్ క్యాట్రిడ్జి చాలా ఇంటి ఆర్వోల్లో ఉంటాయి. తాగడానికి అవి మంచివే, పరీక్షకూ ట్యాంకులో పోయడానికీ పనికిరావు. టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగి ఉన్న లవణాలను చూపేది) సున్నా చూపించే నీళ్లే కావాలి. కాల్షియం, మెగ్నీషియం రెండింటికీ సిరంజి కిట్టు తీసుకోండి.

ఫాస్ఫేట్ దగ్గర లెక్క తిరగబడుతుంది. 0.03, 0.1 పీపీఎం మధ్య తేడా రంగుల కిట్టులో రెండు లేత నీలాలు. ఉదయం ఒకటి అనిపిస్తుంది, రాత్రి ఇంకొకటి అనిపిస్తుంది. చెకర్ డబ్బుకు విలువ ఇక్కడుంది. హెచ్‌ఐ736 ఫాస్ఫరస్‌ను పీపీబీల్లో (పీపీఎంలో వెయ్యో వంతు) చూపిస్తుంది. దాన్ని 3.066తో గుణించి వెయ్యితో భాగిస్తే ఫాస్ఫేట్ పీపీఎం వస్తుంది. తెర మీద 20 అంటే ఫాస్ఫేట్ 0.06 అన్నమాట. పొడి ప్యాకెట్ మడతల్లో రేణువులు ఉండిపోతాయి, వేలితో తట్టి అంతా రాలేలా పోయాలి. కలిపాక బుడగలు పోయేదాకా ఆగాలి. నైట్రేట్‌కు రంగుల కిట్టు చాలు: అది 5 ఉందా, 10 ఉందా, 40 ఉందా అన్నదే మనకు కావాలి.

ఇవన్నీ చూసేముందు ఉప్పు చూడాలి, మన ఊళ్లో ముఖ్యంగా. మే నెలలో ట్యాంకు మీద ఫ్యాన్ పెట్టి చల్లబరిస్తే నీళ్లు గబగబా ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం ట్యాంకులోనే ఉంటుంది. సాలినిటీ (ఉప్పదనం) 35 నుంచి 37 పీపీటీకి (వెయ్యిలో భాగాలు) పోతే కాల్షియం 420 కాస్తా 444 అవుతుంది. అది చూసి "కాల్షియం డోసు ఎక్కువైంది" అనుకుంటే తప్పు దారి పట్టినట్టే. హైడ్రోమీటర్ ముల్లుకు గాలి బుడగ అంటుకుంటే అంకె మారిపోతుంది, కాబట్టి రిఫ్రాక్టోమీటర్ (నీటిచుక్కలో వెలుతురు వంగే తీరును బట్టి ఉప్పు చూపేది) మేలు. దానికి ఉండే ఆటోమేటిక్ టెంపరేచర్ కాంపెన్సేషన్ సాధారణంగా 10 నుంచి 30 డిగ్రీల వరకే. ఏసీ లేని మన హాలు మేలో ఆ గీత ఎప్పుడో దాటేస్తుంది. ఉపాయం సులువు: 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రవం అదే గదిలో ఉంచి, కొలిచే ముందు దానితో సరిచేసుకోవడం. ద్రవం లేకపోతే 3.65 గ్రాముల ఉప్పును 96.35 గ్రాముల నీళ్లలో కలపండి, రిఫ్రాక్టోమీటర్‌కు అది 35 పీపీటీ సముద్రపు నీళ్లలాగే కనిపిస్తుంది. సున్నా దగ్గర మంచినీళ్లతో సరిచేసి వదిలేస్తే 35 దగ్గర తేడా రావచ్చు.

రీజెంట్లను కూడా ఈ ఎండల నుంచి కాపాడాలి. ట్యాంకు స్టాండులో బల్బు వేడి, పంపు వేడి తగిలేచోట పెట్టకండి. ఫ్రిజ్‌లో పెడితే గది వేడికి వచ్చాకే వాడండి. బయటి దేశాల నుంచి వచ్చే కిట్టు ఎన్ని గోడౌన్లు తిరిగి మన దాకా వస్తుందో ఎవరికి తెలుసు. డబ్బులు పంపేముందు ఎక్స్‌పైరీ తేదీ కనిపించేలా ఫొటో పెట్టమనండి. అడిగితే మొహమాటపడే అమ్మకందారు దగ్గర కొనకపోవడమే మంచిది.

ఇప్పుడు మన జిల్లాల్లో ఉన్న సౌకర్యం. గుడివాడ, కైకలూరు, మచిలీపట్నం, అటు రేపల్లె వైపు రొయ్యల చెరువుల కోసం ఆక్వా ల్యాబులున్నాయి. బ్యూరెట్టు పెట్టి యాసిడ్‌తో ఆల్కలినిటీ, ఈడీటీఏ అనే రసాయనంతో హార్డ్‌నెస్, కాల్షియం, మెగ్నీషియం చేస్తారు. మన చేతిలో సిరంజి చేసే పనే, పెద్ద గాజు సామాన్లతో. కౌంటర్ దగ్గర "ఏ ఊరి చెరువండీ, కల్చర్ ఎన్ని రోజులు?" అని అడుగుతారు. హాల్లో గాజు ట్యాంకు అంటే ఒకసారి పైకీ కిందికీ చూస్తారు. వెనామీ చెరువుల అంకెలు చూసి చూసి ఉంటారు కాబట్టి "ఉప్పు బాగా ఎక్కువుందండీ" అని జాలిపడినా కంగారుపడకండి.

రిపోర్టు మన లెక్కలోకి తిప్పుకోవాలి. ఆల్కలినిటీ పీపీఎంలో ఇస్తారు: 125 అంటే 7 డీకేహెచ్, 160 అంటే దాదాపు 9. హార్డ్‌నెస్ ఆరు వేల పైన చూసి గుండె ఆగనక్కర్లేదు, సముద్రపు నీళ్లకు 6,300 సహజమే. కాల్షియం అంకె వెయ్యి దాటితే అది కాల్షియం కార్బొనేట్ లెక్కలో ఇచ్చారన్నమాట, 2.5తో భాగించండి. నీళ్లు సీసా అంచుదాకా నింపి మూత బిగించి, అదే రోజు ఇవ్వాలి. రోజువారీ ఆల్కలినిటీకి ఈ తిరుగుడు కుదరదు గానీ, మీ కాల్షియం, మెగ్నీషియం కిట్లు సరిగా చెబుతున్నాయో లేదో రెండో అభిప్రాయం కావాలంటే కొత్త కిట్టు కొనడం కన్నా ఇదే చవక. పచ్చ కాలనీలు, పసుపు కాలనీలు అని విబ్రియో అనే బ్యాక్టీరియా ప్లేట్ రిపోర్టు కూడా ఇస్తామంటారు. అది రొయ్యకు పనికొచ్చేది, పగడానికి ఏ నిర్ణయమూ దాని మీద తీసుకోలేం.

విదేశాలకు నీళ్లు పంపి చేయించే ఐసీపీ పరీక్ష (నీళ్లలోని మూలకాలన్నీ యంత్రంతో కొలిచేది) వేరే తరగతి. రాగి, తగరం, అల్యూమినియం లాంటివి లీటరుకు మైక్రోగ్రాముల్లో ఉన్నా పట్టిస్తుంది. ఆల్కలినిటీ, ఉప్పు, ఫాస్ఫేట్ అన్నీ బాగున్నా పగడాలు వరసగా పోతుంటే, పంపులో అయస్కాంతం తుప్పు పట్టిందనో ఇంకెక్కడో లోహం కరుగుతోందనో అనుమానం ఉంటే అప్పుడు చేయించండి. నెలనెలా చందా కట్టి చేయించే పని కాదు. ఫలితం వచ్చేసరికి ట్యాంకులో నీళ్లు వేరైపోయి ఉంటాయి. పైగా ఆ యంత్రం కొలిచేది మూలకాలను, ఆల్కలినిటీని కాదు. ఆ పేజీలో డీకేహెచ్ కనిపించినా అది ల్యాబులో విడిగా చేసినదే, అదీ సీసాలో నీళ్లు ఊరు దాటి వెళ్లాక.