వాన పాఠానికి కార్తెలా, వానమాపకమా?

ఆరో తరగతికి ఏది మేలు?

ఖర్చు: కార్తెలకు పంచాంగం, ఇంట్లో తాతయ్య చాలు. వానమాపకానికి ఖాళీ ప్లాస్టిక్ సీసా, స్కేలు.

శ్రమ: సీసాదే ఎక్కువ. మెడ కోసి గరాటులా తిరగేసి పెట్టాలి. అడుగున గులకరాళ్లు వేసి, అవి మునిగేదాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత గీయాలి. రోజూ ఒకే వేళకు కొలవాలి. 1 మిల్లీమీటరు వానంటే చదరపు మీటరుకు లీటరు నీళ్లని తెలిసినప్పుడు పిల్లల మొహాలు చూడాలి!

రిస్క్: సీసాను గాలి పడేస్తుంది. కార్తెలతోనైతే, మృగశిర కార్తె రాగానే వాన పడి తీరాలని పిల్లలు అనుకోవచ్చు. కార్తె అంటే సూర్యుణ్ని బట్టి లెక్కకట్టే 13–14 రోజుల కాలం, వానకు హామీ కాదు.

సేద్యం చేసే ఇళ్ల పిల్లలైతే కార్తెలతో మొదలుపెట్టండి. ఏ కార్తెలో ఏ విత్తనం వేస్తారో ఇంట్లో అడిగి రాసుకొస్తారు. టౌన్ బడిలో సీసాయే నయం. జూన్ నుంచి టైముంటే సీసా లెక్కల్ని కార్తెలవారీగా రాయించండి.