మిర్యాలగూడ మిల్లు పాత సామాను కొట్లు: ఇంటి షెడ్డులో వర్క్‌షాపుకు ఏం కొనొచ్చు, ఏం వదిలెయ్యాలి

ఇంటి పక్కన రేకుల షెడ్డో, కారు పెట్టే జాగో ఉండి, అందులో చిన్న వర్క్‌షాపు పెట్టుకుందామనుకునే నల్లగొండ జిల్లా వాళ్ళు కొత్త ఇనుము కొనేముందు ఒక పూట మిర్యాలగూడ పోయి రావాలి. ఊరి చుట్టూ రైస్‌మిల్లులే. మిల్లులో మిషన్ మార్చినా, పాత షెడ్డు విప్పినా బయటపడ్డ ఇనుము ముందు చేరేది అక్కడి పాత సామాను కొట్లకే. వీధుల్లో తిరిగే కబాడీ బండి దగ్గర దొరికే పల్చటి రేకుకీ దీనికీ పోలికే లేదు. మిల్లు ఇనుము రాత్రీ పగలూ అదురు తట్టుకోవడానికి చేసినది. ఇంటి షెడ్డులో అది అరిగే ప్రశ్నే రాదు.

ఈ రివ్యూ ఏదో ఒక్క కొట్టు మీద రాసింది కాదు, అన్నింట్లోనూ సామాను ఇంచుమించు ఒకే రకం. మొత్తం మీద మా లెక్క ఇది: బల్లలు, స్టాండ్లు, అరలు చేసుకునే ఇనుముకు వీటిని మించిన చోటు లేదు. తిరిగే సామాను పరీక్ష చేసి కొంటే లాభమే. కరెంటు సామానులో మాత్రం మోసపోయే అవకాశం ఎక్కువ.

పోవడానికి మంచి కాలం వానకాలం వడ్లు, యాసంగి వడ్లు ఆడించే రద్దీ తగ్గాక. అప్పుడే మిల్లులు రిపేర్లకు ఆగుతాయి, కొట్లలో కొత్త కుప్పలు పడతాయి. రేటు రెండు రకాలని ముందే తెలుసుకోండి: కరిగించడానికి పోయే ఇనుముకు ఒకటి, వాడకానికి పనికొచ్చే ముక్కలకు ఇంకొకటి. రెండోది ఎక్కువే ఉంటుంది, అది న్యాయమే. కొత్త ఇనుము ధరలో మూడింట రెండు వంతులు దాటితే మాత్రం వద్దు. జంగు గీకడానికి, రంగుకు, ట్రాలీ ఆటో కిరాయికి అయ్యేది కలుపుకుంటే ఏమీ మిగలదు.

కాంటా మీద అనుమానం ఉంటే గొడవ పడాల్సిన పని లేదు, లెక్క తెలిస్తే చాలు. 50 ఎంఎం యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుప బద్ద) 6 ఎంఎం మందంలో మీటరుకు 4.5 కిలోలు. 40 ఎంఎం యాంగిల్ 5 ఎంఎం మందంలో 3 కిలోలు. ప్లేటు ఒక ఎంఎం మందానికి చదరపు మీటరు 7.85 కిలోలు తూగుతుంది, అంటే 6 ఎంఎం ప్లేటు చదరపు మీటరు 47 కిలోలు. గుండ్రటి కడ్డీ అయితే వ్యాసాన్ని ఎంఎంలలో తీసుకుని, దాన్ని దాంతోనే గుణించి, 162తో భాగిస్తే మీటరు బరువు వస్తుంది. టేపుతో కొలిచి, ఫోనులో లెక్క వేసి, తర్వాత కాంటా మీద పెట్టించండి. పాత సామాను అరిగి ఉంటుంది కాబట్టి తూకం లెక్క కంటే కొంచెం తక్కువే రావాలి. ఎక్కువ వచ్చిందంటే రంగు పొరలో, మట్టో, కాంటా తేడానో చూసుకోవాలి.

ముందు కొనాల్సింది పని బల్లకు ఇనుము. ఇంచుమించు 6 అడుగుల (1.8 మీటర్ల) పొడవు, 2 అడుగుల (0.6 మీటర్ల) వెడల్పు బల్లకు కావలసింది: 85 సెంటీమీటర్ల కాళ్ళు 4, పై చట్రానికి 4.8 మీటర్లు, నేలకు 20 సెంటీమీటర్ల ఎత్తులో కింది చట్రానికి మళ్ళీ 4.8, ప్లేటు కింద అడ్డంగా రెండు ముక్కలకు 1.2. మొత్తం 14.2 మీటర్ల యాంగిల్. 50 ఎంఎంది అయితే 64 కిలోలు, పైన 6 ఎంఎం ప్లేటు 51 కిలోలు. 115 కిలోల బల్ల మీద గడ్డపార వంచినా కదలదు. 40 ఎంఎం యాంగిల్‌తో చేస్తే 20 కిలోలకు పైగా తగ్గుతుంది, కానీ వైసులో (సామాను బిగించి పట్టుకునే దవడల పరికరం) పైపు బిగించి లాగితే బల్ల ఊగుతుంది. ఇక్కడ పొదుపు చెయ్యొద్దు.

ప్లేటు ఎంచేటప్పుడు మూల నుంచి మూలకు నూలుదారం బిగించి లాగి చూడండి. మధ్యలో 3 ఎంఎం కంటే ఎక్కువ సందు కనిపిస్తే పక్కన పెట్టండి. వెల్డింగ్‌తో చట్రానికి అంటిస్తే అదే సాపు అవుతుందని అమ్మేవాళ్ళు చెబుతారు, అవదు. గ్యాస్ కటింగ్ చేసిన అంచుకు గట్టి చిట్టెం అంటుకుని ఉంటుంది, దాన్ని గ్రైండరుతో పూర్తిగా తీశాకే వెల్డింగ్ పెట్టాలి. చట్రం నాలుగు మూలలూ ముందు వెల్డింగ్ చుక్కలు పెట్టి, మూలమట్టం కోసం రెండు కర్ణాలూ సమానంగా ఉన్నాయో లేదో కొలిచి, ఆ తర్వాత ఎదురెదురు మూలలు మార్చి మార్చి నింపాలి. ప్లేటును చట్రానికి ఏకధాటిగా అతికించొద్దు. 8 అంగుళాలకు ఒక అంగుళం చొప్పున కుట్లలా వేస్తే చాలు, లేదంటే వేడికి ప్లేటు పడవలా వంగుతుంది. కాళ్ళ కింద 16 ఎంఎం నట్టు వెల్డింగ్ చేసి బోల్టు ఎక్కిస్తే ఎగుడుదిగుడు నేలకు సర్దుకోవచ్చు. వైసు దవడ పై అంచు నిలబడ్డ మనిషి మోచేతి ఎత్తుకు రావాలి, బల్ల ఎత్తు దాన్నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి.

బల్ల తర్వాత ఈ కొట్లలో అసలు బంగారం ఎలివేటర్ బకెట్లు. వడ్లను పైకి ఎత్తే బెల్టుకు బిగించే ఇనుప డొప్పలివి, వెనక రెండు మూడు బోల్టు కన్నాలతో వస్తాయి. ఒక పట్టీ గోడకు బిగించి, దానికి వరసగా పది బకెట్లు తగిలిస్తే నట్లు, బోల్టులు, వాషర్లు, మేకులు అన్నీ కళ్ళముందే ఉంటాయి. చేతిలోకి తీసుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త. వడ్ల పొట్టులో సిలికా ఎక్కువ, అది రాసుకుని రాసుకుని బకెట్ ముందు అంచు బ్లేడులా పల్చబడి ఉంటుంది. వెలుతురుకు పట్టి చూస్తే అంచు పొడుగునా చిన్న చిన్న పళ్ళు, అక్కడక్కడ కాగితమంత మందం కనిపిస్తాయి. ఆకురాయితో ఆ పళ్ళు తీసేసి, అర అంగుళం పీవీసీ పైపును నిలువునా చీల్చి అంచుకు తొడగండి. లోపలి మూలల్లో తవుడు జిడ్డు కట్టి, బెల్లం పాకంలా గట్టిపడి ఉంటుంది. వేడినీళ్ళలో చాకలి సోడా కలిపి ఒక రాత్రి నానబెడితే ఊడుతుంది. అది తియ్యకపోతే షెడ్డులోకి ఎలుకలు వస్తాయి.

పెద్ద కన్నాల జల్లెడ రేకు దొరికితే పానాలు, పట్టుకార్లు తగిలించే బోర్డుగా గోడకు పెట్టుకోవచ్చు. కన్నం 6 ఎంఎంకు తగ్గకుండా ఉండాలి, అప్పుడే 4 ఎంఎం కడ్డీతో వంచిన కొక్కెం దూరుతుంది. గోడకూ రేకుకూ మధ్య అంగుళం సందు వదలాలి. అరిగిన ఎలివేటర్ బెల్టు కూడా తెచ్చుకోండి. బల్ల ముందు నిలబడేచోట పరిస్తే కాళ్ళు లాగవు, కిందపడ్డ ఉలి మొన విరగదు.

పుల్లీలు కుప్పలుగా ఉంటాయి, ఎంచడంలోనే పని అంతా. పోత ఇనుప పుల్లీని ఇరుసు కన్నంలో వేలు పెట్టి వేలాడదీసి, చిన్న సుత్తితో తట్టండి. గుడిగంటలా ఖంగుమని మోగి కాసేపు నిలిస్తే మంచిది. చిల్లుకుండలా దబ్బుమంటే ఎక్కడో పగులుంది, జంగు కింద కంటికి కనపడదు. తర్వాత గాడి చూడండి. వి ఆకారపు బెల్టు గాడి పక్కలనే పట్టుకోవాలి, అడుగును తాకకూడదు. గాడి అడుగు అద్దంలా మెరుస్తుంటే పక్కలు అరిగి బెల్టు కిందికి దిగిపోయిందని అర్థం, అలాంటి పుల్లీ మీద కొత్త బెల్టు కూడా జారుతుంది. ఎ రకం బెల్టు పైవెడల్పు 13 ఎంఎం, బి రకం 17, సి రకం 22. ఇంటి పనికి ఎ, బి చాలు. వేగం లెక్క తేలికే: నిమిషానికి 1440 చుట్లు తిరిగే మోటరుకు 3 అంగుళాల పుల్లీ, ఇరుసుకు 6 అంగుళాల పుల్లీ వేస్తే ఇరుసు 720 చుట్లు తిరుగుతుంది.

ఇరుసును పట్టి నిలిపే బేరింగ్ దిమ్మెలు తప్పకుండా తీసుకోండి, లోపలి బేరింగ్ మాత్రం కొత్తది వేయించండి. దిమ్మె తొందరగా అరగదు, బేరింగ్‌లో ఎంత తవుడు, ఎంత నీరు పోయిందో ఎవరికీ తెలియదు. 205 నంబరు దిమ్మెలో 25 ఎంఎం ఇరుసు పడుతుంది, 206లో 30. మామూలు బేరింగ్ మీద నంబరులో చివరి రెండు అంకెలను 5తో గుణిస్తే కన్నం కొలత వస్తుంది. 6204 అంటే 20 ఎంఎం, 6205 అంటే 25. 04 కంటే తక్కువ అంకెలకు ఈ లెక్క పనిచెయ్యదు, 6203 కన్నం 17 ఎంఎం.

ఇక మోటర్లు. మిల్లు మోటర్లు దాదాపు అన్నీ 415 వోల్టుల త్రీఫేజువి, ఇంట్లో ఉండేది 230 వోల్టుల సింగిల్ ఫేజు. మధ్యలో సింగిల్ ఫేజును త్రీఫేజుగా మార్చే డ్రైవు పెట్టి నడపొచ్చు, కానీ సింగిల్ ఫేజు డ్రైవు బయటికి 230 వోల్టులే ఇస్తుంది. చిన్న మోటర్ల వైండింగ్ ఎక్కువగా స్టార్‌లో ఉంటుంది, దాన్ని 230 వోల్టులకు సరిపోయేలా డెల్టాకు మార్చాలి (స్టార్ అంటే మూడు చుట్టల చివరలు ఒకచోట కలపడం, డెల్టా అంటే త్రికోణంలా ఒకదానికొకటి కలపడం). టెర్మినల్ పెట్టెలో ఆరు వైర్లుంటే పని నిమిషాల్లో అయిపోతుంది. మూడే ఉంటే వైండింగ్ మేస్త్రీ లోపలి జాయింటు తవ్వి తియ్యాలి, ఆ ఖర్చు, డ్రైవు ఖర్చు కలిపితే ఒక హెచ్‌పీ లోపు పనికి సింగిల్ ఫేజు మోటరే చవక. కొనాలని తేల్చుకుంటే ముందు టెర్మినల్ పెట్టె మూత తీసి వాసన చూడండి. కాలిన వార్నిషు ఘాటు తొందరగా పోదు. తర్వాత 500 వోల్టుల మెగ్గరుతో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) వైండింగ్‌కూ బాడీకీ మధ్య చూస్తే కనీసం ఒక మెగా ఓం రావాలి, మూడు వైండింగ్‌ల ఓములు సమానంగా ఉండాలి. వ్యవసాయ కనెక్షన్ నుంచి షెడ్డుకు త్రీఫేజు లాగాలనే ఆలోచన మానుకోండి, అది కరెంటు దొంగతనం కిందికి వస్తుంది.

బోరు మోటర్లు మన జిల్లాలో అడుగడుగునా దొరుకుతాయి, చవక కూడా. షెడ్డుకు పనికిరావు. నీళ్ళలో మునిగి ఉండి చల్లబడేలా చేసినవి, గాలిలో నడిపితే చూస్తుండగానే కాలిపోతాయి. బోరు స్టార్టర్ డబ్బా మాత్రం సామాను పెట్టుకోవడానికి బాగుంటుంది. లోపలి కాంటాక్టర్ (కాయిల్ లాగితే కరెంటు కలిపే స్విచ్చు) వాడాలంటే కాయిల్ మీద వోల్టులు చదవండి, 415 అని ఉంటే ఇంటి కరెంటుకు అది లాగదు. ఎంసీబీలు, కెపాసిటర్లు, వైర్లు కొత్తవే కొనండి.

బోరులోంచి తీసిన జీఐ (జింకు పూత) పైపు కొనేవాళ్ళు పైపును ఎండకు పెట్టి ఒక చివర నుంచి ఇంకో చివరకు చూడాలి. మన నీళ్ళ సున్నం లోపల పొరలు పొరలుగా పేరుకుని కన్నం సగమై ఉంటుంది, తూకంలో ఆ సున్నానికి కూడా ఇనుము రేటే కడతారు. నేలకేసి నిలువుగా కొట్టి రాలగొట్టించాకే కాంటా ఎక్కించండి. 1¼ అంగుళం మీడియం పైపు మీటరుకు 3 కిలోల పైచిలుకు ఉంటుంది, 4 వచ్చిందంటే ఆ తేడా సున్నమే. వెల్డింగ్ చేసేచోట జింకు పూత గీకెయ్యాలి. ఆ తెల్లపొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం పట్టుకుంటుంది.

బోల్టుల బస్తా చూస్తే ఆశ పుడుతుంది. పాత మిల్లు బోల్టుల్లో అంగుళాల మర, ఎంఎం మర కలిసిపోయి ఉంటాయి. 5/16 అంగుళం బోల్టు, 8 ఎంఎం బోల్టు పక్కపక్కన పెడితే తేడా కంటికి ఆనదు. ఒకదాని నట్టు ఇంకోదానికి రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది, జంగు అనుకుని పానాతో లాగితే మర మొత్తం పోతుంది. ఎంచి వేరు చేసుకునే ఓపిక ఉంటేనే తీసుకోండి.

లారీ కమాను పట్టీ మంచి ఉక్కు. ఉలికి, గీకుడు కత్తికి, మేకులు పీకే కడ్డీకి సరిగ్గా సరిపోతుంది. కన్నం పెట్టాలంటే ముందు అయస్కాంతం అంటనంత ఎర్రగా కాల్చి, పొడి బూడిదలో కప్పి తెల్లారేదాకా వదలాలి. దాన్ని బరువు మోసే చోట వెల్డింగ్ చెయ్యొద్దు, అతుకు పక్కనే గాజులా విరుగుతుంది.

దాకలి కోసం రైలు పట్టా ముక్క అడుగుతుంటారు. ఎక్కడి నుంచి వచ్చిందో బిల్లు చూపకపోతే ముట్టుకోవద్దు. రైల్వే ఆస్తి అక్రమంగా దగ్గర పెట్టుకోవడం మీద 1966 నాటి చట్టం ఉంది, అమ్మినవాడితో పాటు కొన్నవాడూ ఇరుక్కుంటాడు. బదులుగా 100 ఎంఎం మిల్లు ఇరుసు ముక్క అడుగు పొడవు తీసుకుని, తుమ్మ మొద్దులో గాడి తొలిచి నిలబెట్టండి. 19 కిలోల దాకా ఉంటుంది, ఇంటి సుత్తి పనికి అంతకంటే అక్కర్లేదు.

ఇనుప డ్రమ్ములు కొనొచ్చు, గ్రైండరుతోనో గ్యాస్‌తోనో కొయ్యకూడదు. ఖాళీ అనుకున్న డ్రమ్ములో మిగిలిన ఆయిలో, సాల్వెంటో ఆవిరి రూపంలో ఉంటుంది. ఒక్క నిప్పురవ్వ చాలు, మూత ఎగిరి మనిషి ప్రాణం తీస్తుంది. జడ్చర్ల వైపు మందుల కంపెనీల నుంచి వచ్చే డ్రమ్ములైతే లోపల ఏముండేదో లేబులు చూసి తెలుసుకోకుండా ఇంటికే తేవద్దు. గ్యాస్ సిలిండరును గాలి ట్యాంకుగా మార్చేవాళ్ళున్నారు, అది కంపెనీ సొత్తు, పైగా ప్రాణాపాయం.

తెచ్చిన చిన్న సామాను జంగు వదిలించడానికి ప్లాస్టిక్ టబ్బులో 10 లీటర్ల నీళ్ళు, రెండు పెద్ద చెంచాల చాకలి సోడా కలపండి. 12 వోల్టుల బ్యాటరీ చార్జరు నెగటివ్ వైరు సామానుకు, పాజిటివ్ వైరు పనికిరాని మామూలు ఇనుప ముక్కకు తగిలించి, రెండూ ఒకదానికొకటి తగలకుండా రాత్రంతా ఉంచాలి. స్టీలు గిన్నె ముక్క పెట్టొద్దు, నీళ్ళు విషమవుతాయి. హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే చెయ్యాలి. తెల్లారి నల్లటి మడ్డి బ్రష్‌తో కడిగి, ఎండలో ఆరబెట్టి, వెంటనే రెడ్ ఆక్సైడ్ వెయ్యండి. గంట ఆలస్యమైతే పసుపు రంగు జంగు మళ్ళీ మొదలవుతుంది.

కొట్ల పనితనం గురించి రెండు మాటలు. చాలాచోట్ల కొలత చెబితే గ్యాస్ కటింగ్ అక్కడే చేసిస్తారు, అయితే కోత వంకరగా వస్తుంది, ప్రతి ముక్కా అర అంగుళం ఎక్కువ కోయించుకోవాలి. కుప్పలో వెతకనిస్తారు, తొందరపెట్టరు. చేతులకు తోలు గ్లౌజులు, కాళ్ళకు బూట్లు మనమే తీసుకుపోవాలి. తిరిగి తీసుకోవడమనేది లేదు, కాంటా దిగిందంటే సామాను మనదే. మోటరుకు, దిమ్మెలకు నంబరు రాయించి బిల్లు అడగండి, అడిగితే ఇస్తారు. 115 కిలోల బల్ల సామానుకు ట్రాలీ ఆటో ఒక్క ట్రిప్పు సరిపోతుంది, ప్లేటు కింద వేసి యాంగిళ్ళు పైన కట్టించండి, లేకపోతే గతుకులకు ప్లేటు వంగుతుంది.