మారతహళ్లి దుమ్ము, మా ఇంటి మిషను

బెంగళూరు మారతహళ్లిలో రింగు రోడ్డు పక్కనే మా ఫ్లాటు. పొద్దున తుడిచిన టీవీ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. మెట్రో పనులు మొదలయ్యాక మా చిన్నోడి తుమ్ములు ఎక్కువై, చివరికి ఎయిర్ ప్యూరిఫయర్ కొన్నాం.

షాపు కుర్రాడు యాప్ గురించి, రంగుల లైట్ల గురించి అరగంట చెప్పాడు. నేనడిగింది ఒక్కటే: సీఏడీఆర్ ఎంత? అంటే గంటకి ఎంత గాలి శుభ్రం చేస్తుందని. మా పడకగది 120 చదరపు అడుగులు, ఎత్తు 10 అడుగులు. దాదాపు 34 ఘనమీటర్ల గాలి. ఆ గాలంతా గంటకి ఐదుసార్లు మిషనులోంచి తిరగాలంటే సీఏడీఆర్ 170 ఘనమీటర్లు కావాలి. అదీ ఫుల్ స్పీడు లెక్క. ఆ స్పీడులో పెడితే మిక్సీ పక్కన పడుకున్నట్టే! అందుకే 300ది తీసుకుని సగం స్పీడులో నడుపుతున్నాం.

ఆరు నెలలైంది. తలుపులు మూస్తే పీఎం 2.5 (గాల్లో కంటికి కనపడని సన్న దుమ్ము) అంకె 60 నుంచి అరగంటలో 15 దాకా దిగుతోంది. తుమ్ములు తగ్గాయి, పోలేదు. టీవీ మీద దుమ్ము మాత్రం అలాగే ఉంది. పెద్ద రేణువులు మిషను దాకా రాకుండానే కింద పడిపోతాయి కదా, చీపురు తప్పదు. మా అత్త ఇంగువ పోపు వేస్తే చాలు, ఎర్ర లైటు వెలిగి ఒకటే రొద. వాసనకి కార్బన్ పొర ఉందన్నారు గానీ, చేపల పులుసు ముందు ఓడిపోయింది.

ఒళ్లు మండింది ఫిల్టరు దగ్గర. సన్న దుమ్ముని పట్టే ఈ హెపా ఫిల్టరు కడగకూడదు, మార్చాల్సిందేనట. కొత్తది 2,400. కొనేటప్పుడు ఒక్కరూ చెప్పలేదు. మా ఆయన "దులిపి వాడదాంలే" అని బాల్కనీలో దులిపారు. ఆ దుమ్మంతా మళ్లీ హాల్లోకే వచ్చింది.