బోర్డర్‌లైన్ పిల్లలకు బ్రెయిన్ మ్యాపింగ్: రంగుల రిపోర్టుకు డబ్బు కట్టే ముందు

కోపం, ఏడుపు, వదిలేసి వెళ్లిపోతారేమోనన్న భయం, తనను తాను గాయపరచుకోవడం. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అనే మానసిక సమస్యలో కనిపించే ఇలాంటి లక్షణాలున్న టీనేజ్ పిల్లల కోసం కొన్ని క్లినిక్‌లు బ్రెయిన్ మ్యాపింగ్ ప్యాకేజీలు అమ్ముతున్నాయి. అసలు పేరు క్యూఈఈజీ, అంటే మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేసే ఈఈజీని కంప్యూటర్‌తో అంకెలుగా మార్చడం. తలకు 19 ఎలక్ట్రోడ్ల టోపీ పెట్టి, కళ్లు మూసుకుని కొన్ని నిమిషాలు, తెరిచి కొన్ని నిమిషాలు రికార్డు చేస్తారు. చివరికి ఎరుపు, నీలం రంగుల తల బొమ్మలతో రిపోర్టు చేతిలో పెడతారు. నొప్పి లేదు, రేడియేషన్ లేదు. అంతవరకూ బాగానే ఉంది. ఆ బొమ్మ చూపించి "బోర్డర్‌లైన్ ఇదిగో" అంటేనే చిక్కు. ఈ జబ్బును పట్టిచ్చే ఈఈజీ గుర్తు ఏదీ లేదు.

క్లినిక్ బ్రోషర్లలో అమిగ్డలా (భయాన్ని, ముప్పును పసిగట్టే మెదడు భాగం) పేరు తరచూ కనిపిస్తుంది. ఈ జబ్బు ఉన్నవాళ్లకు కోపంగానో భయంగానో ఉన్న ముఖాలు చూపిస్తే అమిగ్డలా ఎక్కువ స్పందించడం, అదుపు చేసే ప్రీఫ్రంటల్ భాగం తక్కువ పనిచేయడం చాలా ఎఫ్ఎమ్ఆర్ఐ (మెదడులో రక్తప్రవాహం మార్పులు చూపే స్కాన్) పరిశోధనల్లో కనిపించిన మాట నిజమే. అన్నిటిలోనూ కాదు. కనిపించినచోట కూడా అది గుంపు సగటు. జబ్బున్నవాళ్ల అంకెలూ లేనివాళ్ల అంకెలూ ఎంతగా కలిసిపోతాయంటే, ఒక్కరి స్కాన్ చూసి ఏ గుంపో తేల్చలేం. పైగా అవి ఎఫ్ఎమ్ఆర్ఐ ఫలితాలు. అమిగ్డలా కణతల వెనక లోతుగా ఉంటుంది, నెత్తిమీద టోపీకి దాని సంకేతం సరిగా అందదు.

ఇక రిపోర్టు. 19 చోట్ల, నెమ్మది తరంగాల నుంచి వేగం తరంగాల దాకా డెల్టా, తీటా, ఆల్ఫా, బీటా అని 4 బ్యాండ్లు: మొత్తం 76 అంకెలు. ఒక్కోదాన్ని మామూలు జనం డేటాబేస్‌తో పోల్చి, 5 శాతం హద్దు దాటితే రంగు వేస్తారు. అంటే ఏ జబ్బూ లేని పిల్లాడికైనా సగటున నాలుగు చోట్ల రంగు పడుతుంది. రెండు చోట్ల తరంగాలు ఎంత కలిసి నడుస్తున్నాయో చూపే కోహెరెన్స్ పేజీల్లో ఎలక్ట్రోడ్ల జతలు వందల్లో ఉంటాయి కాబట్టి అక్కడ రంగుల పండగే. డేటాబేస్‌లో అదే వయసు పిల్లలు లేకపోతే ఇంకా ఘోరం. టీనేజ్‌లో తల వెనకభాగంలో నెమ్మది తరంగాలు రావడం మామూలే, దాన్ని పెద్దవాళ్ల కొలతతో చూస్తే తప్పుగా కనిపిస్తుంది.

రికార్డింగు నాణ్యత ఎలా ఉందో పక్కన కూర్చున్న తల్లిదండ్రులే చూడొచ్చు. ముందురోజు తలకు నూనె పెట్టకూడదు, షాంపూతో కడిగి బాగా ఆరబెట్టాలి. జడ టోపీ కిందికి వస్తే ఎలక్ట్రోడ్ పైకి లేస్తుంది, జుట్టు విప్పి పాయలు తీయాలి. జెల్ పెట్టాక స్క్రీన్ మీద ఇంపిడెన్స్ (ఎలక్ట్రోడ్‌కీ చర్మానికీ మధ్య విద్యుత్ నిరోధం) 5 కిలోఓమ్‌ల లోపు ఉందేమో అడగండి. కొత్తరకం యంత్రాలు కొంచెం ఎక్కువైనా తట్టుకుంటాయి, కానీ అసలు చూడకుండానే మొదలుపెట్టారంటే లేచి వచ్చేయొచ్చు. రెప్పలు కొడితే నుదుటి దగ్గర డెల్టా పెరిగినట్టు, పళ్లు బిగిస్తే కణతల దగ్గర బీటా పెరిగినట్టు పడుతుంది. భయంతో దవడ బిగించుకుని కూర్చున్న అమ్మాయికి "ఆందోళన తరంగాలు" అని రాసిచ్చే రిపోర్టు ఇలాగే పుడుతుంది. రాత్రి నిద్రలేక కునికితే తీటా పెరుగుతుంది. ఆందోళనకు ఇచ్చే క్లోనజెపామ్ మందు వాడితే బీటా పెరుగుతుంది. వాడే మందులన్నీ ఫారమ్‌లో రాయించండి, పరీక్ష కోసం మాత్రం సొంతంగా ఏదీ ఆపొద్దు.

మూర్ఛ అనుమానం ఉంటే ఈఈజీ నిజంగా పనికొస్తుంది. స్పృహ తప్పడం, చూపు నిలిచిపోవడం లాంటివి ఉన్నప్పుడు న్యూరాలజిస్టు రాసే మామూలు ఈఈజీ చాలు, రంగులు అక్కర్లేదు.

మ్యాపింగ్ వెంటే 20 నుంచి 40 సెషన్ల న్యూరోఫీడ్‌బ్యాక్ (తన తరంగాలను స్క్రీన్ మీద చూస్తూ మార్చుకునే శిక్షణ) అంటగడతారు. బోర్డర్‌లైన్‌కు దానికి గట్టి ఆధారం లేదు. ఆ డబ్బు డీబీటీకి, అంటే భావోద్వేగాలను అదుపు చేసుకునే నైపుణ్యాలు నేర్పే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీకి, పెట్టడం మేలు. అమెరికన్ సైకాలజిస్టు మార్షా లీనహన్ రూపొందించిన ఈ చికిత్సను టీనేజ్ పిల్లలకు తగ్గట్టు మార్చి, ఓస్లోలో 77 మందితో పరీక్షించారు. 19 వారాల డీబీటీ తీసుకున్నవాళ్లలో స్వీయహాని మామూలు చికిత్స తీసుకున్నవాళ్లకంటే తగ్గిందని 2014లో ప్రచురించారు. వారం వారం విడిగా సెషన్, దానికి తోడు తల్లిదండ్రులు కూడా కూర్చునే నైపుణ్యాల క్లాసు ఉంటాయి. రోగనిర్ధారణ కూడా మాటల్లోనే జరుగుతుంది: మానసిక జబ్బుల నిర్ధారణకు వాడే డీఎస్ఎమ్-5 పుస్తకంలోని 9 లక్షణాల్లో కనీసం 5 ఉండాలి, 18 ఏళ్లలోపు అయితే కనీసం ఏడాదిగా ఉండాలి.

ఇప్పటికే మ్యాపింగ్ చేయించి ఉంటే, రంగుల పీడీఎఫ్‌తో సరిపెట్టుకోకుండా ఈడీఎఫ్ రూపంలో అసలు రికార్డింగు కూడా అడిగి తీసుకోండి. రెండో డాక్టరు చదవగలిగేది దాన్నే. ఈలోగా పిల్లలు చనిపోవాలని ఉందని అంటే రిపోర్టు కోసం ఆగొద్దు, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. ప్రాణం మీదికి వచ్చిందనిపిస్తే నేరుగా ఎమర్జెన్సీకే తీసుకెళ్లండి.