వీలునామానా, దాన సెటిల్‌మెంటా: పొలం పిల్లలకు రాసేటప్పుడు ఏది మేలు?

అనంతపురం జిల్లాలో బోరు కింద ఐదెకరాల వేరుశనగ చేను, తండ్రి స్వార్జితం. బతికుండగానే రాసిచ్చేయమని ఇంట్లో పోరు. ఆ పొలం మీదే తండ్రి బతుకు నడుస్తుంటే మా మొగ్గు వీలునామా వైపే.

వీలునామాతో హక్కు చనిపోయాకే పిల్లలకు వస్తుంది. అంతదాకా ఆయన అమ్ముకోవచ్చు, తాకట్టు పెట్టుకోవచ్చు, మళ్లీ రాయొచ్చు. చివరగా రాసిందే చెల్లుతుంది. రిజిస్టరైన వీలునామాను కూడా తర్వాత తెల్లకాగితం మీద సక్రమంగా రాసినది రద్దు చేస్తుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ మన ఇష్టం. 1925 వారసత్వ చట్టం సెక్షన్ 63 ప్రకారం ఇద్దరు సాక్షులు మాత్రం తప్పదు. తగాదా వస్తే కనీసం ఒక సాక్షి కోర్టుకొచ్చి చెప్పాలి. కాబట్టి తండ్రి ఈడు వాళ్లను కాక చిన్నవాళ్లను పెట్టుకోండి, వాటా వచ్చేవాళ్లను అసలు పెట్టకండి.

బతికుండగానే హక్కు రాసిచ్చేసే సెటిల్‌మెంటు అలా కాదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి, మార్కెట్ విలువ మీద డ్యూటీ కట్టాలి, హక్కు ఆ రోజే చేయి దాటిపోతుంది. మనసు మారి ఒక్కరే రద్దు దస్తావేజు రాసినా నిలవదు. కొడుకు పట్టించుకోకపోతే 2007 వయోవృద్ధుల చట్టం సెక్షన్ 23 కింద ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. అక్కడ గట్టిగా నిలబడాలంటే పోషణ షరతు దస్తావేజులోనే ఉండాలి. 'నా అన్నవస్త్రాలు, వైద్యం చూసుకునే షరతుపై ఇస్తున్నాను' అని స్పష్టంగా రాయించండి.

ఇంకో వాక్యం మీద కళ్లు పెట్టండి. 'హక్కు ఈ దినమే సంక్రమింపజేసితిని, ఫలసాయం నా జీవితాంతం నేనే అనుభవింతును' అంటే సెటిల్‌మెంటు. తండ్రికి పంట దక్కుతుంది, కొడుకుకు హక్కూ ఉంటుంది. 'నా తదనంతరం నీకు చెందును' అని మాత్రమే ఉంటే, పైన సెటిల్‌మెంటు అని రాసున్నా కోర్టు దాన్ని వీలునామాగా చూసే అవకాశం ఎక్కువ.

పిత్రార్జితమైతే లెక్క మారుతుంది. పంచుకోని తన వాటాకు వీలునామా రాయొచ్చు (1956 హిందూ వారసత్వ చట్టం, సెక్షన్ 30). మిగతా భాగస్తుల సమ్మతి లేకుండా ఆ వాటాను దానం చేస్తే చెల్లదని 1987లో సుప్రీంకోర్టు చెప్పింది, అదీ మన రాష్ట్రం నుంచి వెళ్లిన కేసులోనే. ఇలాంటి పొలానికి ముందు పార్టిషన్ (వాటాల పంపకం) చేసుకుని, ఆ తర్వాతే సెటిల్‌మెంటు మాట ఎత్తండి.

డీకేటీ పట్టా భూమైతే (అంటే ప్రభుత్వం అసైన్ చేసిచ్చిన భూమి) డ్యూటీ కట్టకముందే సర్వే నంబరు 22ఏ జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల జాబితాలో ఉందేమో చూసుకోండి. ఉంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో సెటిల్‌మెంటు తీసుకోరు.