రాలుటాకుల్లో గులాబీ బంతి: పొద్దున ఒక తీరు, పొద్దువాలాక ఇంకో తీరు

మెరుపు లేకపోవడమే ఈ గోల్ఫ్ బంతిలో నాకు బాగా నచ్చింది. రంగు చూసి కొన్నాను గానీ, అసలు సంగతి పైపూతలో ఉందని ఆడాకే తెలిసింది. మ్యాట్ పూత వేసిన ముదురు గులాబీ బంతులతో కొన్నేళ్ళుగా ఆకులు రాలే కాలమంతా ఆడుతున్నాను. ఎంత దూరం పోతుంది, లోపల ఎన్ని పొరలున్నాయి వంటివన్నీ డబ్బా మీదే రాసి ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నాకు కావలసింది ఒక్కటే, కొట్టిన బంతి మళ్ళీ కంటబడాలి.

మిగతా కాలాల్లో ఈ గొడవే లేదు. చలి మొదలై మేపుల్ చెట్లు ఎర్రబడి, బర్చ్‌లు పసుపెక్కి, ఓక్‌లు తీరిగ్గా గోధుమరంగులోకి దిగేసరికి కోర్సు అందం చూసి తీరాల్సిందే. టీ (ఒక్కో హోల్ ఆట మొదలుపెట్టే చోటు) మీద నిలబడి, కొట్టాల్సిన సంగతి మరిచిపోయి చెట్లవంక చూస్తుంటే వెనకవాళ్ళు దగ్గి గుర్తు చేసిన సందర్భాలున్నాయి. ఆ ఆకులు కొమ్మ మీద ఉన్నంతసేపే మనవి. నేలమీదికి వచ్చాయంటే ఫెయిర్‌వే (పొట్టిగా కత్తిరించిన గడ్డి దారి) నడిమధ్యలో పడ్డ బంతిని కూడా మాయం చేస్తాయి.

తెల్లబంతి అన్నిటికన్నా బాగా కనబడుతుందని చాలామంది నమ్మకం, నాదీ అదే. కానీ సిల్వర్ మేపుల్, వైట్ పాప్లర్ లాంటి చెట్ల ఆకులు తిరగబడితే అడుగుభాగం తెల్లగా ఉంటుంది. వాన వెలిశాక ముడుచుకుపోయిన ప్రతి ఆకూ దూరం నుంచి బంతిలానే ఉంటుంది. నడిచి వెళ్ళి, వంగి చూసి, కాదని తెలుసుకుని, ఇంకోదాని వైపు నడవాలి. ఒక్కో హోల్‌కి ఇదే వరస.

పసుపు బంతి తెచ్చుకోమని సలహా ఇచ్చినవాళ్ళు నిజానికి శాస్త్రం ప్రకారమే చెప్పారు. పగటి వెలుతురులో మన కన్ను 555 నానోమీటర్ల దగ్గర, అంటే పసుపు కలిసిన ఆకుపచ్చ దగ్గర, అన్నిటికన్నా చురుగ్గా ఉంటుంది. టీవీలో బాగా కనబడాలని టెన్నిస్ నిబంధనల్లో 1972లో పసుపు బంతిని చేర్చారు. పచ్చగడ్డి మీద దానికి తిరుగులేదు. కానీ బర్చ్‌లు, గింకోలు ఆకు రాల్చాక పసుపు బంతి కొట్టడమంటే బంతిపూల రాశిలోకి నిమ్మకాయ విసరడమే. నారింజ బంతికి గోల్ఫ్‌లో ఘనమైన చరిత్రే ఉంది. 1982లో అమెరికన్ గోల్ఫర్ జెర్రీ పేట్ ఫ్లోరిడాలోని సాగ్రాస్‌లో ప్లేయర్స్ చాంపియన్‌షిప్ గెలిచి, పోటీలు నడిపే పీజీఏ టూర్ కమిషనర్‌నీ, కోర్సు రూపకర్తనీ చెరువులోకి తోసి తనూ దూకింది నారింజ బంతితో ఆడిన వారంలోనే. కాకపోతే అది వసంతకాలం, చుట్టూ పచ్చదనం. మేపుల్ చెట్ల కింద ఆ రంగుకి అంత సీను లేదు.

ఇక మిగిలింది ఆకుకి రాని రంగు వెతుక్కోవడమే. పత్రహరితం విరిగిపోయాక, అప్పటిదాకా దాని వెనక దాగి ఉన్న కెరోటినాయిడ్ల పసుపూ నారింజా బయటపడతాయి. ఎరుపునిచ్చే ఆంథోసయనిన్‌లను మాత్రం చాలా చెట్లు ఆ కాలంలోనే కొత్తగా తయారుచేసుకుంటాయి. ఈ జాబితాలో నీలం లేదు, కళ్ళు చెదిరే గులాబీ లేదు. నీలం బంతి నీడలోకి పోతే నల్లరాయిలా ఉంటుంది కాబట్టి గులాబీ తీసుకున్నాను. గోల్ఫర్ బబ్బా వాట్సన్ 2017లో గులాబీ బంతితో ఆడినప్పుడు నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. సరే, అది వేరే కథ.

ఇప్పుడు పైపూత సంగతి. ఆ కాలంలో పొద్దున్నే మొదలుపెడితే నేలంతా మంచు పట్టి తడిగా ఉంటుంది, సూర్యుడు ఇంకా కింద కిందనే ఉంటాడు. ఏటవాలుగా పడే ఆ ఎండకి తడిసిన ప్రతి ఆకు మీదా ఒక తెల్లటి మెరుపు. నునుపు పూత ఉన్న మామూలు బంతి మీదా సరిగ్గా అలాంటి మెరుపే ఉంటుంది. బంతి ఏ రంగుదైనా సరే, దూరానికి ఆ తళుకే ముందు కనబడుతుంది గానీ రంగు కాదు. మ్యాట్ పూత వెలుతురుని ఒక్కచోటి నుంచి తిప్పికొట్టకుండా అన్నివైపులకీ చెదరగొడుతుంది. అందుకని చుట్టూ వందలకొద్దీ తళుకుల మధ్య ఇదొక్కటే మసకగా, పొడిపొడిగా ఉంటుంది. ఒకసారి ఎడమవైపు రఫ్‌లో (గడ్డి పెరగనిచ్చిన చోట) ఓక్ ఆకుల మధ్య సగానికి పైగా కూరుకుపోయిన బంతిని ఇరవై గజాల నుంచే పట్టుకున్నాను. పైన కనబడుతున్నది రూపాయి బిళ్ళంత గులాబీ మచ్చ. దాని మీదుగా ఒక ఓక్ ఆకు అడ్డంగా పడి ఉంది, ఆకు అంచున వరసగా నీటిబొట్లు, అన్నీ మెరుస్తున్నాయి. మెరవనిది బంతి ఒక్కటే. మెరిసేవాటిని వదిలేసి మెరవనిదాన్ని వెతకడం కంటికి అలవాటయ్యాక పొద్దుటిపూట నా బంతులు పోవడం బాగా తగ్గింది.

కనబడినంత మాత్రాన పని అయిపోదనుకోండి. ఆకుల మెత్త మీద నిలిచిన బంతి చుట్టూ ఆకులు తీసేయవచ్చు, 2019 నుంచి బంకర్‌లోనూ (ఇసుక గుంటలోనూ) తీయవచ్చు. కానీ తీస్తుంటే బంతి కదిలిందా, గ్రీన్ (రంధ్రం చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీదా టీ దగ్గరా తప్ప ఎక్కడైనా ఒక స్ట్రోక్ పెనాల్టీ పడుతుంది, బంతిని మళ్ళీ మొదటిచోటే పెట్టాలి. మ్యాట్ బంతి ఆకుల మీద జారకుండా నిలుస్తుందని ఎవరో అన్నారు. నాకైతే అలాంటి తేడా ఏమీ తెలియలేదు.

ఇంత మెచ్చుకున్న బంతి నన్ను నట్టేట ముంచింది ఒక సాయంత్రం.

పార్ 4 హోల్ (నాలుగు దెబ్బల్లో ముగించాల్సినది), కుడివైపు పొడుగునా ఎర్ర మేపుల్స్. పొద్దు చెట్ల వెనక్కి దిగిపోయింది గానీ ఆకాశంలో వెలుతురు బాగానే ఉంది. డ్రైవ్ (టీ నుంచి కొట్టిన మొదటి దెబ్బ) కొంచెం కుడికి వంగి, ఫెయిర్‌వే అంచున పడి ఒక్కసారి ఎగరడం నలుగురం చూశాం. ఆకాశం మీద ఆ గులాబీ చుక్క ఎంత స్పష్టంగా ఉందంటే, మా జట్టులోని పెద్దాయన "అబ్బ, దీపం పెట్టినట్టుంది" అన్నాడు. అందుకే ఎవరం ప్రొవిజనల్ (మొదటిది దొరక్కపోతే పనికొస్తుందని ముందే కొట్టి ఉంచుకునే ఇంకో బంతి) ఊసెత్తలేదు. వెళ్ళి చూస్తే అక్కడ బంతి లేదు. గాలికి కొట్టుకొచ్చిన ఆకులు చీలమండ లోతున పేరుకుని ఉన్నాయి, అంతే. వెతకడం మొదలైన క్షణం నుంచి లెక్క మూడు నిమిషాలు. 2019కి ముందు అయిదుండేవి. నలుగురం వరసగా నిలబడి కాళ్ళతో ఆకులు చెదరగొడుతూ నడిచాం. వెతుకులాటలో బంతికి పొరపాటున కాలు తగిలినా పెనాల్టీ లేదు, తిరిగి దాని చోట పెడితే చాలు కాబట్టి భయం లేకుండానే తన్నాం. బంతి దొరకలేదు, గడువు ముగిసింది.

ఇక్కడే నాకు కోర్సు నిర్వాహకుల మీద ఒళ్ళు మండేది. సిబ్బంది ఎత్తుకెళ్ళడానికి పోగేసిన ఆకుల కుప్ప నిబంధనల ప్రకారం మరమ్మతులో ఉన్న నేల కిందికి వస్తుంది. బంతి అందులోకే పోయిందని దాదాపు ఖాయంగా తెలిస్తే పెనాల్టీ లేకుండా ఇంకో బంతి డ్రాప్ చేసుకోవచ్చు. అదే ఆకుల్ని గాలి పోగేస్తే ఆ సౌకర్యం లేదు. ఇలాంటి కాలం కోసమే ఎఫ్-14 అని ఒక నమూనా లోకల్ రూల్ ఉంది. ఆకులు దట్టంగా పేరుకునే చోట్లను కమిటీ ముందే ప్రకటించి, అక్కడ కూడా అదే ఊరట ఇవ్వవచ్చు. ఆ రోజు స్కోర్‌కార్డు వెనకా లేదు, నోటీసు బోర్డు మీదా లేదు. బ్లోయర్ పెట్టి ఊదిన జాడ కూడా లేదు. ఏం చేస్తాం, బంతి పోతే మొదట కొట్టిన చోటి నుంచే ఇంకోటి కొట్టాలి కాబట్టి మళ్ళీ టీ దగ్గరికి నడిచాను. అప్పటికే వెనకవాళ్ళు వచ్చి చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు.

రెండో బంతి ఎలాగో కొట్టి తిరిగి వస్తుంటే పెద్దాయన ఆగి, కిందికి చూసి, "ఇదిగో బాబూ, నీ దీపం" అన్నాడు. బంతి ఆకుల కింద లేదు. ఆకుల పైనే, ముదురెరుపు ఆకుల మధ్య, చెట్టు మొదలుకి రెండడుగుల ఇవతల హాయిగా కూర్చుని ఉంది. అంతకుముందు ఇద్దరం దాని పక్కనుంచే నడిచి వెళ్ళాం. చేతిలోకి తీసుకుంటే గులాబీ. ఆకుల మధ్య తిరిగి పెడితే ఆ నీడలో వాటితోపాటే నల్లబారిన ముద్ద. గడువు దాటాక దొరికింది కాబట్టి అది పోయిన బంతి కిందే లెక్క.

కారణం తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే తట్టింది. వెలుతురు తగ్గేకొద్దీ మన కంటి చురుకుదనం నీలం వైపు జరుగుతుంది, ఎరుపు ఛాయలే ముందుగా నల్లబడతాయి. చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే దీన్ని గమనించి రెండు వందల ఏళ్ళయింది. ఆకాశం ముందు దీపంలా వెలిగిన బంతి చెట్టునీడలోకి దిగగానే ఆరిపోయింది అందుకే. క్రికెట్ చూసేవాళ్ళకి ఈ మాట కొత్త కాదు. 2015లో అడిలైడ్‌లో తొలి డే నైట్ టెస్టు ఆడినప్పటి నుంచీ, సరిగ్గా సంధ్యవేళే గులాబీ బంతిని చూడటం కష్టంగా ఉందని బ్యాటర్లు అంటూనే ఉన్నారు. ఫ్లడ్‌లైట్లున్న వాళ్ళకే అలా ఉంటే చెట్టునీడలో మనమెంత! పొద్దున నాకు మేలు చేసిన మెరుపులేనితనమే సాయంత్రం కొంప ముంచింది. నునుపు బంతి అయితే ఆకాశపు వెలుగుని కాస్తయినా పట్టి మెరిసేది.

అందుకని పైన రాసిన పొగడ్తలో కొంత కోత పెట్టుకోండి. ఇది ఎండ ఉన్నప్పటి బంతి. మబ్బు రోజున పర్వాలేదు. ఎండ చెట్ల చిటారుకి ఎక్కేసరికి నేను తర్వాతి టీ మీద మామూలు తెల్లబంతికి మారిపోతున్నాను. కొత్త హోల్ మొదలెట్టేటప్పుడు బంతి మార్చుకోవడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. పోటీలో ఒకే రకం బంతితో ఆడాలనే లోకల్ రూల్ పెట్టి ఉంటే మాత్రం కుదరదు, ముందే కనుక్కోండి.

చిన్నచిన్న సణుగుళ్ళు కూడా ఉన్నాయి. తడి ఓక్ ఆకుల్లో నానితే పూత మీద గోధుమరంగు మరక పడుతుంది, తువ్వాలుతో ఎంత రుద్దినా పూర్తిగా పోదు. వెడ్జ్‌తో (బంతిని ఎత్తుగా లేపే క్లబ్‌తో) గట్టిగా తగిలిన చోట గులాబీ గీసుకుపోయి కింద తెలుపు బయటపడుతుంది. గుర్తు కోసం మార్కర్‌తో గీసిన గీత ఆరేలోపే అలుక్కుపోతుంది. చలిలో దూరం తగ్గడాన్ని ఈ బంతి మీదికి నెట్టను, చల్లగాలిలో ఏ బంతైనా అంతే.

ఎవరికి పనికొస్తుందంటే, చెప్పడం కష్టమే. నా హ్యాండికాప్ ఇరవై దాటింది, అంటే నా ఆట అంతంతమాత్రమే, కళ్ళద్దాలున్నాయి, శనాదివారాల్లో పొద్దున్నే ఆడే వీలుంది. నాలాంటి వాడికి ఇది సరిపోయింది, అయిపోగానే మళ్ళీ ఇదే కొంటున్నాను. నాతో ఆడే ఒకాయనకి ఎరుపూ ఆకుపచ్చా తేడా సరిగ్గా తెలియదు. గడ్డి మీద ఈ గులాబీ ఆయనకి బూడిదరంగులా ఉంటుందట, ఆయన పసుపు వదలడు, పసుపు ఆకుల్లో తిట్టుకుంటూనే ఆడతాడు. మీ కోర్సులో పైన్ చెట్లే ఎక్కువైతే అసలీ తిప్పలన్నీ అక్కర్లేదు. ఆఫీసు అయ్యాక చివరి టీ టైం (ఆట మొదలుపెట్టే వేళ) తప్ప దొరకనివాళ్ళు మాత్రం నా మాట నమ్మి డబ్బా కొనేయకండి. ఎవరినైనా ఒక బంతి అడిగి తీసుకుని, పొద్దువాలాక చెట్టు కింద ఎర్రాకుల్లో పడేసి, పదిహేను గజాలు వెనక్కి నడిచి ఒకసారి చూడండి.