లేలాండ్ వైకింగ్: చాసిస్‌కి వంక పెట్టలేం, బాడీ దగ్గరే జాగ్రత్త

కావలిలో పెళ్లిళ్లకి, గుడి ట్రిప్పులకి బస్సు తిప్పుతుంటాను. కొత్తగా ఈ లైన్లోకి వచ్చేవాళ్లు ఏ బండి తీసుకోమంటారని అడుగుతుంటారు. అశోక్ లేలాండ్ వైకింగ్ చాసిస్, అంటే బాడీ లేకుండా ఇంజన్, చక్రాలతో వచ్చే బండి అయితే కళ్లు మూసుకుని తీసుకోండి అంటాను.

ఎందుకంటే ఈ బండి మీద చెయ్యి తిరగని మెకానిక్ మన వైపు దొరకడు. శ్రీశైలం ట్రిప్పులో ఒకసారి దోర్నాల దాటాక ఘాట్‌లో రాయి ఎగిరి కింద బ్రేకులకి గాలి వెళ్లే ఎయిర్ పైపుకి తగిలింది. మీటర్లో గాలి దిగిపోతోంది, బజర్ ఒకటే మోత. బండి పక్కకి తీశానో లేదో, గాలి పోయేసరికి బ్రేకులు వాటంతటవే పట్టేశాయి. బస్సు నిండా ముసలివాళ్లు, చంటిపిల్లలు. చాలా టెన్షన్ పడ్డాను. దోర్నాల నుంచి లారీల మెకానిక్ బైక్ మీద వచ్చి, పగిలిన ముక్క కోసేసి, రెండు కొసల్ని కలిపే నిపుల్ వేసి బిగించాడు. గాలి నిండగానే బయల్దేరాం. సామాను కోసం ఒంగోలుకి మనిషిని పంపే పని పడలేదు.

ఇది ఇవాళ్టి కంపెనీ కాదు మరి. రఘునందన్ శరణ్ గారు 1948లో కొడుకు పేరు మీద అశోక్ మోటార్స్ పెట్టారు. మద్రాసు పక్కన ఎన్నూరులో మొదట బిగించింది ఆస్టిన్ కార్లు. తర్వాత పెద్ద బళ్ల కోసం ఇంగ్లండ్ లేలాండ్ వాళ్లతో కలిశారు, 1955లో పేరు అశోక్ లేలాండ్ అయింది. ఇదంతా చూడకుండానే శరణ్ గారు విమాన ప్రమాదంలో పోయారు. ఆ సంగతి తెలిసినప్పుడు నాకు నిజంగా బాధేసింది. 1980ల్లో జపాన్ హినో వాళ్ల సాయంతో ఇంజన్లు మొదలుపెట్టారు, పాత డ్రైవర్లు ఇప్పటికీ హినో ఇంజన్ అనే అంటారు. 1987లో కంపెనీ హిందూజాల చేతికి వెళ్లింది. మనకి కలిసొచ్చిందేమిటంటే, మద్రాసులో రాత్రి వేసిన స్పేర్ పార్టు పొద్దున్నే కావలిలో దిగుతుంది.

మైలేజీ లోడుతో హైవే మీద లీటరుకి ఐదు కిలోమీటర్ల దాకా వస్తోంది. కొత్త పొగ నిబంధనలతో వచ్చే బీఎస్ 6 బళ్లకి యాడ్‌బ్లూ (పొగని శుభ్రం చేసే యూరియా ద్రవం) కూడా పోయాలి, ఆ ఖర్చు లెక్కలో వేసుకోండి.

అసలు తలనొప్పి బాడీతోనే. చాసిస్ కొన్నాక బాడీ మనమే బయట కట్టించుకోవాలి కదా. నేను బాడీ కట్టించిన షెడ్డు పేరు చెప్పను గానీ, మొదటి వానకే వెనక సీట్ల మీద ధారగా కారింది. పెళ్లివాళ్ల సారె పెట్టెలు తడిసిపోయాయి. వెళ్లి అడిగితే టాపు మీద సామాను ఎక్కువేశారని నా మీదకే తోశారు. టాపు రేకు రివెట్ల దగ్గర సీలెంట్ సగం పూసి వదిలేశారు, వేలు పెడితే తెలిసిపోతోంది. అందుకే డెలివరీ తీసుకునే ముందు టాపు మీద పైపు పెట్టి నీళ్లు కొట్టించండి, లోపల కూర్చుని చూడండి. అద్దాలు ఒక్కొక్కటీ జరిపి చూడండి.

విజయవాడ దగ్గర మల్లవల్లిలో 2025 మార్చిలో లేలాండ్ వాళ్ల బస్సుల ప్లాంటు మొదలైంది. ఇంకో బస్సు కొంటే కంపెనీ బాడీతో వచ్చేదే తీసుకుంటాను. మళ్లీ షెడ్డు చుట్టూ తిరిగే ఓపిక నాకు లేదు.